పాఠకుల ప్రశ్నలు: ఏ వయసువారు ఎవరిని పోల్చుకుంటారు?

గత సంచికలో నెల్లూరు, ప్రకాశం జిల్లాలతో పుట్టుక వల్లనో పని వల్లనో ముడిపడిన ఎనిమిది మంది ప్రముఖుల ఫోటోలను పేర్లు వేయకుండా ప్రచురించి, ఇంట్లో పిల్లలూ పెద్దలూ విడివిడిగా చూసి ఎవరెవరిని పోల్చుకున్నారో రాయమని కోరాము. టంగుటూరి ప్రకాశం పంతులు, పొట్టి శ్రీరాములు, బెజవాడ గోపాలరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య, పొణకా కనకమ్మ, హాస్యనటుడు రమణారెడ్డి, గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, మాజీ ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ఆ ఎనిమిది మంది. వచ్చిన ఉత్తరాలలో జవాబులతోపాటు ప్రశ్నలూ చాలా ఉన్నాయి. పదిమందికీ పనికివస్తాయనుకున్న వాటిని ఎంచి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మీ ఫోటోలను తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాను. బాలుగారిని దాదాపు అందరూ, వెంకయ్యనాయుడుగారిని చాలామంది పోల్చుకున్నారు. ప్రకాశం పంతులుగారిని కొద్దిమంది చెప్పగలిగారు. పొట్టి శ్రీరాములుగారి ఫోటో చూసి ఒక్కరూ పేరు చెప్పలేకపోయారు. నేను పేరు చెప్పాక మాత్రం "మన జిల్లా పేరే కదా సార్, ముఖ్యమంత్రిగా చేసుంటారు" అన్నారు. ఇదే పిల్లలు సినిమా హీరోల చిన్ననాటి ఫోటోలు చూపించినా ఇట్టే పట్టేస్తారు. ఈ తరానికి జ్ఞాపకశక్తే మందగించిందా? – ఒక ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, పిల్లల జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు. దానికి రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. చిన్ననాటి ఫోటోలో కూడా హీరోను పట్టుకోగలిగిన పిల్లవాడికి ముఖాలను పోల్చే శక్తి దండిగా ఉన్నట్టే లెక్క. నిజానికి ఆ శక్తి వాళ్ళలో ఇంకా పెరుగుతూనే ఉంది. జర్మీన్, డుషేన్, నకయామా అనే పరిశోధకులు ఇంటర్నెట్ ద్వారా వేలాది మందిని పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కొత్త ముఖాలను నేర్చుకుని తిరిగి గుర్తుపట్టే సామర్థ్యం ముప్పై ఏళ్ళు దాటిన తరవాత గాని పూర్తి స్థాయికి చేరదు. పద్నాలుగేళ్ళ పిల్లలు ఇంకా మెట్లు ఎక్కుతున్న దశలోనే ఉన్నారు.

లోటు ఉన్నది శక్తిలో కాదు, పరిచయంలో. ఒక ప్రముఖుడిని పోల్చుకోవాలంటే మూడు వేరువేరు సంగతులు మనసులో చేరి ఉండాలి: ఆయన ముఖం, ఆయన చేసిన పని, ఆయన పేరు. శ్రీరాములుగారి విషయంలో మీ పిల్లల దగ్గర మూడోది ఒక్కటే ఉంది. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టిన నాటి నుంచి దరఖాస్తుల మీద, ధ్రువపత్రాల మీద, కార్యాలయాల బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తూనే ఉంది. దానికి తగిన ముఖం గాని పని గాని మనసులో లేనప్పుడు, ఖాళీగా ఉన్న చోటును మనసు తనకు తోచినదానితో నింపుకుంటుంది. జిల్లాకు పేరు పెట్టారంటే పెద్ద పదవి చేసి ఉంటారన్న ఊహ అలా పుట్టినదే. ఇది మన పిల్లలకే పరిమితమైన పొరపాటు కూడా కాదు. అమెరికాలో డిసోటో, రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ దేశాధ్యక్షుల పేర్లలో అధ్యక్షులు కాని ప్రముఖుల పేర్లను కలిపి పెద్దవారికి చూపినప్పుడు, ఏనాడూ అధ్యక్షుడు కాని అలెగ్జాండర్ హామిల్టన్‌ను అధ్యక్షుడేనని సగం కన్నా ఎంతో ఎక్కువ మంది గట్టిగా చెప్పారు. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పేరు బాగా పరిచితమై, పని తెలియనప్పుడు జరిగేది ఇదే.

ఇక పెద్దల సంగతి. పది నుంచి ముప్పై ఏళ్ళ లోపు చూసినవీ విన్నవీ జీవితాంతం మిగతావాటికన్నా గట్టిగా నిలుస్తాయని అనేక పరిశోధనలలో తేలింది. ఇప్పుడు డెబ్బై ఏళ్ళున్నవారికి ఆ వయసులో సుందరయ్యగారు శాసనసభలో మాట్లాడుతున్న నాయకుడు, రమణారెడ్డిగారు వెండితెర మీద నవ్విస్తున్న నటుడు. అందువల్ల ఆ ముఖాలు వారికి వెంటనే దొరుకుతాయి. అయితే ఒక సంగతి గమనించండి. 1957 మే 20న కన్నుమూసిన ప్రకాశం పంతులుగారిని గాని, 1952 డిసెంబరు 15 రాత్రి నిరాహారదీక్షలో అసువులు బాసిన శ్రీరాములుగారిని గాని ఈ డెబ్బై ఏళ్ళవారు కూడా స్వయంగా ఎరగరు. వారికి ఆ ముఖాలు తల్లిదండ్రుల మాటల ద్వారా, గోడకు వేలాడిన పటాల ద్వారా అందినవే. శ్రీరాములుగారి దీక్ష నాటికి పదేళ్ళున్నవారు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. జర్మనీ పండితుడు యాన్ అస్మన్ నోటిమాటగా సాగే జ్ఞాపకం మూడు తరాలపాటు, అంటే ఎనభై నుంచి వందేళ్ళ వరకు నిలుస్తుందని, ఆపైన అది గ్రంథాలకూ విగ్రహాలకూ ఉత్సవాలకూ మిగిలిపోతుందని వివరించారు. ఆ హద్దు దగ్గర ఇప్పుడు శ్రీరాములుగారు ఉన్నారు. తాతయ్య చెబితే తెలిసే దశ దాటిపోతోంది కనుక, చెప్పవలసిన భారం మీలాంటి ఉపాధ్యాయుల మీద పడింది.

అందుకని ఫోటో చూపి పేరు కంఠస్థం చేయించడం వల్ల పెద్దగా ఫలితం ఉండదని నా నమ్మకం. ఈసారి ఫోటోతోపాటు ఆయన నెల్లూరులో ఏం చేశారో చెప్పి చూడండి. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన 1946లో నిరాహారదీక్ష పట్టారు. చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, మండుటెండలో అస్పృశ్యత పోవాలన్న రాతల పలకలు ఒంటికి తగిలించుకుని ఈ వీధుల్లోనే తిరిగారు. ఆయనను పిచ్చివాడనుకున్నవారు కూడా ఉన్నారు. నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో మీ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఎండలో పలకలు కట్టుకుని వట్టికాళ్ళతో నడుస్తున్న మనిషిని ఒకసారి ఊహించుకున్న పిల్లవాడికి ఆ ముఖం ఎవరిదో, ముఖ్యమంత్రి అవునో కాదో రెండోసారి చెప్పవలసిన అవసరం రాదు.

బాలుగారిని పిల్లలు పోల్చుకోవడానికీ కారణం పరిచయమే. 1966లో సినిమా పాట మొదలుపెట్టిన ఆయన, తరవాత టీవీలో పిల్లల చేత పాడించే కార్యక్రమాల ద్వారా ఇళ్ళలోకి వచ్చారు. తాతల యౌవనంలోనూ, తండ్రుల యౌవనంలోనూ, మనవల బాల్యంలోనూ కనిపించిన ముఖం ఆయనది. అంతటి భాగ్యం మిగిలిన ఏడుగురిలో ఎవరికీ దక్కలేదు.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై మూడేళ్ళు. రమణారెడ్డిగారి ఫోటో చూడగానే ముఖం వెలిగిపోయింది. "సన్నగా ఉంటాడు, రేలంగి పక్కన వేసేవాడు, మన నెల్లూరాయనే, జగదేవిపేట" అని అన్నీ చెప్పారు గాని పేరు మాత్రం నోటికి రాలేదు. "ర... రా..." అంటూ అరగంట అవస్థపడి, మేము చెప్పబోతే వద్దన్నారు. అన్నం తింటుండగా ఒక్కసారిగా పేరు చెప్పేశారు. ఈ మధ్య ఇలా తరచు జరుగుతోంది. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా? – ఒక పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: అమ్మా, మీరు రాసినంత వరకు చూస్తే భయపడవలసింది కనిపించడం లేదు. పైగా మీ నాన్నగారి జ్ఞాపకం ఎంత వరుసగా పనిచేసిందో మీ ఉత్తరం చక్కగా చూపిస్తోంది. బ్రూస్, యంగ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1986లో ముఖ పరిచయం ఎలా జరుగుతుందో ఒక నమూనాగా వివరించారు. ముందు ఈ ముఖం తెలిసినదే అన్న ఎరుక కలుగుతుంది. ఆ తరవాత ఆ మనిషి ఎవరు, ఏం చేస్తాడు, ఎక్కడివాడు అన్న వివరాలు వస్తాయి. పేరు అన్నిటికన్నా చివరన వస్తుంది. మొదటి రెండు మెట్లూ ఎక్కి మూడోదాని దగ్గర ఆగడం అన్ని వయసులవారికీ అనుభవమే. వృత్తి, ఊరు తెలియకుండా పేరు ఒక్కటే తటాలున గుర్తురావడం మాత్రం దాదాపు ఎవరికీ జరగదు.

పేరు ఎందుకు అంత మొండికేస్తుందంటే, దానికి మిగతా వివరాలతో అల్లిక లేకపోవడం వల్ల. హాస్యనటుడు అనగానే నవ్వు, సినిమా, తెర, జోడీగా నటించినవారు, అన్నీ ఒకదాన్నొకటి లాగుతాయి. రమణారెడ్డి అన్న పేరు మాత్రం ఆ మనిషికి తగిలించిన చీటీ లాంటిది. అది రమణారెడ్డే ఎందుకు కావాలి, మరొకటి ఎందుకు కాకూడదు అనడానికి ఆయన సన్నదనంలో గాని నటనలో గాని ఆధారం లేదు. వయసు పెరిగే కొద్దీ అర్థానికీ శబ్దానికీ మధ్య ఉన్న ఈ బలహీనమైన దారులే ముందుగా సన్నగిల్లుతాయని, అందులోనూ ఈమధ్య తలవని పేర్ల దారులు మరింత త్వరగా మూసుకుపోతాయని బర్క్, మెకే మొదలైనవారు 1991లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. మొదటి అక్షరం దొరికి మిగతాది దొరకకపోవడం, వెతకడం మానేసి వేరే పనిలో పడ్డాక అదే తోచడం కూడా ఈ స్థితికి ఉన్న మామూలు లక్షణాలే. పై ఉత్తరానికి జవాబులో చెప్పిన 2011 అధ్యయనంలోనే, పేర్లను గుర్తుంచుకునే శక్తి ఇరవైల మొదట్లోనే పతాక స్థాయికి చేరుతుందనీ, ముఖాల విషయంలో అది మరో పదేళ్ళు పెరుగుతుందనీ తేలింది. ముఖం నిలిచి పేరు జారడం అందుకే అంత సాధారణం.

ముఖాలు ఎంత గట్టివో చెప్పడానికి బార్రిక్ దంపతులు, విట్లింగర్ కలిసి 1975లో వెల్లడించిన అధ్యయనాన్ని మించినది లేదు. పదిహేడేళ్ళవారి నుంచి డెబ్బై దాటినవారి దాకా 392 మందికి వారి హైస్కూలు సహాధ్యాయుల ఫోటోలను ఇతరుల ఫోటోలతో కలిపి చూపితే, బడి వదిలి ముప్పై ఏళ్ళు దాటినవారు కూడా నూటికి తొంభై వంతున తమ సహాధ్యాయులను ఏరగలిగారు. ఏ ఆధారమూ ఇవ్వకుండా పేర్లు చెప్పమన్నప్పుడు అదే మనుషులు అందులో ఎంతో తక్కువ చెప్పారు.

వైద్యుడికి చూపించవలసిన సందర్భాలు వేరు. పేరుతోపాటు మనిషి కూడా జారిపోతున్నప్పుడు, అంటే ఎన్నేళ్ళో అభిమానించిన నటుడిని చూసి "ఈయనెవరు" అన్నప్పుడు, చెప్పాక కూడా "అవునవును" అన్న గుర్తింపు కలగనప్పుడు, రోజూ వచ్చే చుట్టాలను, ఇరుగుపొరుగును పోల్చుకోలేనప్పుడు, వెళ్ళి వచ్చే దారి తప్పుతున్నప్పుడు ఆలస్యం చేయకండి. మీ నాన్నగారు పేరు చెప్పవద్దన్నారని రాశారు. వారి పట్టుదల మంచిదే. అయినా అరగంట అవస్థపడుతుంటే చెప్పేయడంలో తప్పు లేదు. విన్న పేరును వారు నాలుగైదుసార్లు పైకి పలికితే మూసుకుపోయిన దారి మళ్ళీ తెరుచుకుంటుంది.

ప్రశ్న: మీ ఫోటోలు మా ఇంట్లో తగువు తెచ్చాయి. తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారని మా మామగారు, నీలం సంజీవరెడ్డిగారని పోటీపరీక్షలకు చదువుతున్న మా అమ్మాయి పట్టుబట్టారు. ఎవరు ఒప్పు? విచిత్రమేమంటే గోపాలరెడ్డిగారి ఫోటోను మాత్రం మా మామగారు తప్ప ఇంట్లో ఎవరమూ పోల్చుకోలేదు. ఆయనా ముఖ్యమంత్రి చేశారని మీ సంచికలోనే తెలిసింది. – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఇద్దరూ ఒప్పే. మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారు. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డిగారు. మీ మామగారు మొదటి రాష్ట్రాన్ని, మీ అమ్మాయి పరీక్షలో తరచుగా అడిగే రెండో రాష్ట్రాన్ని లెక్కలోకి తీసుకున్నారు.

ఆ ఇద్దరు తొలివారి మధ్య ఇరుక్కుపోయినవారే బెజవాడ గోపాలరెడ్డిగారు. బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, 1955 మార్చి నుంచి 1956 అక్టోబరు చివరి వరకు ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసి, ఆ తరవాత కేంద్రమంత్రిగా, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా కూడా ఉన్న మనిషిని ఆయన సొంత గడ్డ మీదనే యాభై ఏళ్ళ లోపువారు పోల్చుకోలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. దీనికి కారణం ఉంది. రోడిగర్, డిసోటో 2014లో ప్రచురించిన మరొక అధ్యయనంలో 1974, 1991, 2009 సంవత్సరాలలో అమెరికా కళాశాల విద్యార్థులు తమ అధ్యక్షుల పేర్లను ఎంతవరకు రాయగలిగారో పోల్చి చూశారు. మూడు తరాలలోనూ మొదటి కొద్దిమందీ, చివరి కొద్దిమందీ బాగా గుర్తున్నారు. మధ్యవారిని మరిచిపోయారు. లింకన్ ఒక్కరే మధ్యలో ఉండి కూడా శిఖరంలా నిలిచారు. ఒక తరానికి ఇటీవలివారైనవారు తరవాతి తరానికి మధ్యవారైపోయి మసకబారడం కూడా వారు గమనించారు. 1974 నాటి విద్యార్థులకు బాగా తెలిసిన ట్రూమన్ 2009 నాటికే జారుతున్నారు. 2040 నాటికి ఆయన, ఇప్పుడు చాలామందికి గుర్తులేని పాత అధ్యక్షుడు మెకిన్లీ అంత మరుగున పడతారని వారి అంచనా.

మన ముఖ్యమంత్రుల వరుసను మీ ఇంట్లోనే అడిగి చూడండి. నాకు తెలిసినంతలో అరవై దాటినవారు కాసు బ్రహ్మానందరెడ్డి, జలగం వెంగళరావు పేర్లు తడుముకోకుండా చెబుతారు. నలభైలలో ఉన్నవారి లెక్క 1983లో ఎన్.టి. రామారావుగారితో మొదలవుతుంది. అంతకు ముందరి ఏడాది కొన్ని నెలలు ముఖ్యమంత్రిగా ఉన్న భవనం వెంకట్రామ్ పేరును రెండు వర్గాలవారూ తరచుగా దాటిపోతారు. వాకాడువారు కనుక నేదురుమల్లి జనార్దనరెడ్డిగారిని నెల్లూరు జిల్లాలో మూడు తరాలవారూ చెబుతారు. జిల్లా దాటితే 1990-92 మధ్య ఎవరున్నారో ఆలోచించవలసి వస్తుంది. మధ్యలో ఉండి కూడా ఏ తరమూ మరవని శిఖరం మనకు రామారావుగారు. రాజకీయాలకు ముందే ఆ ముఖం ప్రతి ఊరి టూరింగు టాకీసులో వెలిగింది.

నిలిచే పేర్లకూ నిలవని పేర్లకూ ఉన్న తేడా పదవిలో లేదని ఈ వరుసే చెబుతోంది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా ఉన్నది ఏడాది పైచిలుకు మాత్రమే, గోపాలరెడ్డిగారి కన్నా తక్కువ కాలం. కాని 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ముందు ఛాతీ చూపి నిలబడిన మనిషిగా ఆయన జనం నోట నిలిచారు. సుందరయ్యగారిని పోల్చుకున్నామని రాసిన పాఠకులలో చాలామంది ఆయన పదవులేవీ రాయలేదు, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళిన ఎంపీ అని రాశారు. గోపాలరెడ్డిగారి గురించి అలా ఒక్క మాటలో చెప్పుకునే ఘట్టం జనంలోకి రాలేదు. పదవుల జాబితా వచ్చింది. జాబితాలను పరీక్ష కోసం చదువుతారు, పరీక్ష కాగానే వదిలేస్తారు.

ప్రశ్న: మీ ఎనిమిది మందిలో నేను పోల్చుకున్నది ఇద్దరినే, ఒప్పుకుంటాను. మరి లక్షల మంది చూసే యూట్యూబ్ ఛానళ్ళవారి ఫోటోలు మా ఇంట్లో చూపిస్తే అమ్మానాన్నలు ఒక్కరినీ పోల్చుకోలేదు. మాకు తెలియకపోతే అజ్ఞానం, వాళ్ళకు తెలియకపోతే వయసా? – డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: బాబూ, నీ ప్రశ్న న్యాయమైనది. ఎవరికి తెలియకపోయినా కారణం ఒకటే, ఆ ముఖం వారి దారిలో పడకపోవడం. దానికి ఒకరిని అజ్ఞానులని, మరొకరిని ముసలివారని అనకూడదు.

అయితే ఒక తేడాను గమనించమని కోరుతున్నాను. మీ అమ్మానాన్నల చిన్నతనంలో ఊరందరికీ దూరదర్శన్ ఒక్కటే ఉండేది. తెలుగులో ప్రైవేటు ఛానళ్ళు 1995లో గాని రాలేదు. ఇష్టమున్నా లేకపోయినా వార్తలు, పాటలు, క్రికెట్టు అందరూ అవే చూశారు. అందువల్ల సినిమా అంటే గిట్టని తాతకు కూడా హీరో ముఖం తెలుసు, రాజకీయం పట్టని అమ్మమ్మకు కూడా ప్రధాని ముఖం తెలుసు. ఇప్పుడు ఒకే ఇంట్లో నాలుగు ఫోన్లలో నాలుగు లోకాలు నడుస్తున్నాయి. నీ ఫోన్‌లో లక్షల మంది చూసే మనిషి, పక్క మంచం మీద ఉన్న మీ అన్నయ్య ఫోన్‌లో ఒక్కసారి కూడా కనిపించకపోవచ్చు. చూసేవారి సంఖ్య పెద్దదైనా అది ఒకే వయసు, ఒకే అభిరుచి ఉన్నవారిలోనే తిరుగుతుంది. నీకు తెలిసినవారిని మీ తమ్ముడు పోల్చుకోగలడేమో అడిగి చూడు. అక్కడ కూడా తేడా కనిపిస్తుందని అనుకుంటున్నాను. దానికి నాలుగైదేళ్ళ ఎడమే చాలు.

ఒకే వయసువారి ముఖాలను మనం మిగతావాటికన్నా బాగా గుర్తుపడతామని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్ళ ముఖాలన్నీ మీ నాన్నగారికి ఒకేలా కనిపించడానికీ, పాత ఫోటోలలోని పెద్దమనుషులందరూ నీకు ఒకేలా కనిపించడానికీ అది కొంతవరకు కారణం.

ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ప్రకాశం పంతులు, సుందరయ్య లాంటి పాతవారిని తడుముకోకుండా చెప్పారు. వెంకయ్యనాయుడుగారిని పోల్చుకోలేదు. ఇప్పుడు ముఖ్యమంత్రి ఎవరని అడిగితే రామారావుగారు అన్నారు. పాతవన్నీ ఇంత బాగా చెబుతుంటే జబ్బు ఎలా అవుతుందని మా బావగారు అంటున్నారు. – ఒక పాఠకురాలు, అద్దంకి

జవాబు: అమ్మా, మీ బావగారి మాట మీద ఆగిపోవద్దు. పాతవి గట్టిగా ఉండి కొత్తవి నిలవకపోవడమే వైద్యులు జాగ్రత్తగా చూసే లక్షణం. 1979లో ఆల్బర్ట్, బటర్స్, లెవిన్ అనే శాస్త్రవేత్తలు బోస్టన్‌లో 1920ల నుంచి 1970ల దాకా ఒక్కొక్క దశాబ్దంలో పేరుపొందినవారి ఫోటోలను, విపరీతమైన మద్యపానం వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతిన్న రోగులకు చూపారు. ఎంత పాత ముఖమైతే అంత బాగా పోల్చుకున్నారు, దగ్గరికి వచ్చే కొద్దీ తప్పారు. వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపు జబ్బులలో కూడా తొలిదశలో కొత్త సంగతులే ముందు జారుతుంటాయి. హాడ్కిన్సన్ అనే వైద్యుడు 1972లో కూర్చిన పది ప్రశ్నల పరీక్షలో దేశాన్ని ఏలుతున్నవారి పేరు అడిగే ప్రశ్న ఉన్నది అందుకే. మన డాక్టర్లు దాని స్థానంలో ప్రధానమంత్రి పేరో ముఖ్యమంత్రి పేరో అడుగుతారు.

అయితే ఆ ఒక్క జవాబుతో జబ్బు అని నిర్ణయించకూడదు. మీ అత్తగారు పత్రిక చదువుతారా, వార్తలు చూస్తారా, చూపు, వినికిడి ఎలా ఉన్నాయి అన్నవి ముందు చూడాలి. ఇరవై ఏళ్ళుగా వార్తల జోలికి పోని మనిషికి వెంకయ్యనాయుడుగారి ముఖం తెలియకపోవడం మరుపు కాదు, అసలు చేరనే లేదన్నమాట. కాని ముఖ్యమంత్రి రామారావుగారని అనడం వేరే సంగతి. అది కాలం ఎక్కడుందో తెలియకపోవడం కావచ్చు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసికమైన కుంగుబాటు, కొన్ని మందులు కూడా ఇలాంటి స్థితికి కారణం కావచ్చు. వాటిలో నయమయ్యేవి ఉన్నాయి. ఈ నెలలోనే నరాల వైద్యుడికో మానసిక వైద్యుడికో చూపించండి. వెళ్ళేటప్పుడు ఈ ఫోటోల సంగతి, ఏవి చెప్పారో ఏవి చెప్పలేదో కాగితం మీద రాసుకుని తీసుకువెళ్ళండి. ఇంట్లో మాత్రం అందరి ఎదుటా "ఇప్పుడు ముఖ్యమంత్రి ఎవరు" అని పదే పదే అడిగి ఆమెను చిన్నబుచ్చకండి.

ప్రశ్న: పొణకా కనకమ్మగారిని మా వాడలో ఏ వయసువారూ పోల్చుకోలేదు. ఎందుకు? – ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: మాకు వచ్చిన ఉత్తరాలన్నింటిలోనూ ఆమెదే అందరికన్నా తక్కువగా పోల్చుకున్న ఫోటో. నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించి, 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు పినాకిని సత్యాగ్రహ ఆశ్రమానికి స్థలమిచ్చి, జైలుకు వెళ్ళిన మనిషి ఆమె. ఆ విద్యాలయంలో చదివిన కుటుంబాలవారు కూడా పేరు విన్నామన్నారు, ముఖం తెలియదన్నారు. ఆ కాలపు స్త్రీల ఫోటోలు తక్కువ. ఉన్నవి పాఠ్యపుస్తకాలలోకీ, కూడళ్ళలోకీ రాలేదు. ఇక్కడ వయసుతో పని లేదు. ఎవరికీ చూపించని ముఖాన్ని ఎవరూ పోల్చుకోలేరు. వచ్చే సంచికలో ఆమె ఫోటోను పెద్దదిగా, పేరుతో సహా, ఆమె చేసిన పనుల వివరంతో ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: మా కాలనీ గ్రంథాలయంలో ఇలాంటి పోటీ పెట్టాలనుకుంటున్నాము. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: అన్ని కాలాలవారి ఫోటోలూ సమానంగా ఉండేలా ఎంచండి. పాతవారినే పెడితే పిల్లలు, కొత్తవారినే పెడితే పెద్దలు ఓడిపోతారు. అది పోటీ అనిపించుకోదు. ఒక్కొక్కరివి వేరువేరు వయసులలో తీసినవి రెండు ఫోటోలు పెట్టండి. వెంకయ్యనాయుడుగారిని విద్యార్థి నాయకుడిగా చూసినవారికీ ఉపరాష్ట్రపతిగా చూసినవారికీ గుర్తున్న ముఖం ఒకటి కాదు. పేరు పొందని మామూలు మనుషుల ఫోటోలు, వారి అనుమతితో, నాలుగైదు కలపండి. ప్రతి ఫోటోకూ ఏదో ఒక పేరు చెప్పేసే వారెవరో అప్పుడు తెలుస్తుంది. మార్కులు పేరుకు ఒక్కదానికే వేయకండి. "ఈ ముఖం తెలుసు" అన్నందుకు ఒకటి, ఏం చేశారో చెప్పినందుకు రెండు, పేరుకు ఒకటి చొప్పున వేస్తే పేరు నోటికి రాని పెద్దవారికీ, పేరు మాత్రమే తెలిసిన పిల్లలకూ న్యాయం జరుగుతుంది. ఫోటోలను గోడకు వేయకుండా ఒక్కొక్కరికి చేతికిచ్చి చూపించండి. ఒకరు పైకి అనగానే మిగిలినవారందరికీ తెలిసిపోతుంది. చూపు తక్కువైనవారికి వెలుతురులో, పెద్ద సైజు ప్రింట్లు ఇవ్వండి. పోటీ అయ్యాక ప్రతి ఫోటో గురించి తెలిసినవారి చేత అక్కడే చెప్పించండి. దానికి కనీసం గంట సమయం కేటాయించండి.